ముగ్గురు మాస్టర్లతో బయల్దేరిన ఓడ: ఒక ఎడిటింగ్ కేస్ స్టడీ

నేను తెలుగు పుస్తకాలకు కాపీ ఎడిటింగ్ చేస్తాను. కథలు, నవలలు తక్కువ. చరిత్ర, సైన్సు, వృత్తి అనుభవాల పుస్తకాలే ఎక్కువగా వస్తాయి. ఈ కేసులో తప్పేమిటో మొదటి రోజే తెలిసిపోయింది. దాన్ని రచయిత చేత వదిలించడమే కష్టమైంది, అందుకే రాసి పెడుతున్నాను. రచయిత ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

రచయిత మర్చంట్ నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. మాస్టర్ ఫారిన్ గోయింగ్ సర్టిఫికెట్ ఉంది. బయట మనం కెప్టెన్ అని పిలిచే మనిషిని సరుకు ఓడల కాగితాల్లో ఇప్పటికీ మాస్టర్ అనే రాస్తారు. ఆ మాట మీద ఆయనకున్న అభిమానం ముందే చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని చుట్టూనే తిరిగింది. ఇంగ్లండు ఓడల చరిత్రను మామూలు తెలుగు పాఠకుల కోసం రాశారు. మొదట ఇంగ్లిష్‌లో రాసుకుంటే ఇంట్లో పిల్లలెవరో సాఫ్ట్‌వేర్‌తో తెలుగు చేసిపెట్టారు. దాన్ని ఆయన కూర్చుని చేత్తో దిద్దుకున్నారు. నా దగ్గరికి వచ్చింది ఆ దిద్దిన ప్రతి.

మాట్లాడితే ఆయన తెలుగు చక్కగా ఉంటుంది. కాగితం మీద ఉన్నది వేరే తెలుగు.

సమస్య

బౌంటీ ఓడ గురించిన అధ్యాయంలో ఇలా ఉంది: "బౌంటీ ముగ్గురు మాస్టర్లతో 1787 డిసెంబరులో ఇంగ్లండు నుంచి బయల్దేరింది." చదివి ముందుకు పోయేదాన్నే. ఎందుకంటే అది నమ్మేలా ఉంది. ఆ ఓడలో జాన్ ఫ్రయర్ అనే మాస్టర్ ఒకడు, అతని కింద ఇద్దరు మాస్టర్స్ మేట్లు. కలిపితే ముగ్గురు. కానీ పక్క పేజీలో ఫ్రయర్‌ను "ఓడ యజమాని" అన్నారు. బౌంటీ బ్రిటిష్ నౌకాదళానిది, దానికి ప్రైవేటు యజమాని ఎక్కడినుంచి వచ్చాడు? అనుమానం వచ్చి ఇంగ్లిష్ ప్రతి తెప్పించాను. మూలంలో ఉన్నది త్రీ మాస్టర్. అంటే మూడు మాస్టులున్న ఓడ; మాస్టు అంటే ఓడ మీద తెరచాపలు కట్టే నిలువు కొయ్య. మాస్ట్ చివర ఎర్ చేరితే మాస్టర్ అవుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగులో కూడా మనిషి మాస్టర్‌కీ దీనికీ అక్షరం తేడా లేదు. తెలుగు లిపిలో సరేసరి.

ఆ తీగ లాగితే డొంక కదిలింది. మధ్యయుగాల ఇంగ్లండు అడవుల మీద ఒక పేరా ఉంది. పందుల మేతకు పనికొచ్చే మాస్ట్ ఉన్న అడవులు అని మూలం. తెలుగులో అది "ఓడ కొయ్యలకు పనికొచ్చే అడవులు" అయింది. నిజానికి బీచ్, ఓక్ చెట్ల నుంచి రాలే కాయల్ని కూడా ఇంగ్లిష్‌లో మాస్ట్ అంటారు. ఓడ మాస్ట్‌కీ దానికీ పేరొక్కటే. అడవుల శాఖల వాళ్లు కాయలు విరగకాసిన ఏడాదిని ఇప్పటికీ మాస్ట్ ఇయర్ అంటారు.

ఇవన్నీ దిద్దితే పోయే పొరపాట్లు. అసలు చిక్కు ముందుమాటలో ఉంది. ఆయన సొంతంగా రాసిన వాక్యం అది: "మాస్ట్ దగ్గర నిలబడి ఓడను నడిపేవాడు గనక అతనికి మాస్టర్ అనే పేరు వచ్చింది." ఆ తర్వాత పుస్తకంలో చాలా చోట్ల ఈ మాటనే పట్టుకుని అల్లుకుంటూ పోయారు. ఒక అధ్యాయం పేరు 'మాస్ట్ కింద మాస్టర్'.

ప్రచురణకర్త ఫోన్ చేసి, "ఆ ఒక్క వాక్యం కొట్టేయండి, ఆయనకు చెప్పక్కర్లేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వాక్యం తీసేసినా దాని మీద కట్టిన అధ్యాయాలు అలాగే ఉంటాయి. పైగా ఆయన స్కూళ్లకూ కాలేజీలకూ వెళ్లి మాట్లాడే మనిషి. పుస్తకంలోంచి పోయినా నోటి నుంచి పోదు. అందుకని పనిని రెండుగా విడగొట్టాను. సాఫ్ట్‌వేర్ చేసిన పొరపాట్లను నేనే దిద్ది జాబితా పంపడం ఒకటి. ముందుమాటలోని వాదాన్ని ఆయనతో తేల్చుకోవడం రెండోది.

చేసి చూసినవి, పని చేయనివి

మొదట అరపేజీ నోట్ రాశాను. మాస్టర్ లాటిన్ మాట మాగిస్టర్ నుంచి వచ్చింది. దాని లోపల మాగిస్, అంటే 'ఎక్కువ' అనే మాట ఉంది. మన మహత్, మహా ఏ ధాతువువో అదీ ఆ ధాతువుదే. ఓడ మాస్ట్ మాత్రం ఇంగ్లిష్, జర్మన్ చేరిన జర్మానిక్ భాషల సొంత మాట, పాత ఇంగ్లిష్‌లో దాన్ని మ్యాస్ట్ అనేవారు. నా వైపు నుంచి ఇంతకంటే చెప్పాల్సింది లేదనుకున్నాను.

ఆయన జవాబు నా నోట్ కన్నా పొడుగ్గా వచ్చింది. కొట్టిపారేసే జవాబు కాదు. మూడు సాక్ష్యాలు పెట్టారు. ఒకటి, పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్. అందులో స్కిల్డ్ అనే రాజు చనిపోతే ఓడలో మాస్ట్ పక్కన పడుకోబెట్టి సముద్రంలోకి వదులుతారు. ప్రభువు చోటు మాస్ట్ పక్కనే అని అక్కడే తేలిపోయిందిగా అన్నారు. రెండు, అమెరికా నేవీలో కెప్టెన్ చిన్నచిన్న తప్పుల్ని విచారించి శిక్ష వేసే పద్ధతిని ఇప్పటికీ కెప్టెన్స్ మాస్ట్ అంటారు. మూడు, పాత ఇంగ్లిష్ నిఘంటువులో మ్యాస్ట్ అంటే 'అందరికన్నా ఎక్కువ' అనే అర్థం కూడా ఆయనకు దొరికింది. "మీరే అన్నారు కదమ్మా, మాస్టర్‌లో ఎక్కువ అనే అర్థం ఉందని. ఇదిగో, అది మాస్ట్‌లోనే ఉంది" అని రాశారు.

మూడో సాక్ష్యం నిజంగా ఇబ్బంది పెట్టేదే. పాత ఇంగ్లిష్‌లో ఈ రూపంలో మూడు మాటలున్నాయి: ఓడది, అడవి కాయలది, 'అన్నిటికన్నా ఎక్కువ' అనేది. మొదటి రెండింటిలో అచ్చు హ్రస్వం, మూడోదానిలో దీర్ఘం. రాతప్రతుల్లో హ్రస్వానికీ దీర్ఘానికీ గుర్తు నమ్మకంగా ఉండదు కాబట్టి చూపుకి మూడూ ఒకటే. ఆ మూడోదే నేటి మోస్ట్. దానికీ లాటిన్ మాగిస్‌కీ అర్థం దగ్గరే గానీ ధాతువు వేరు.

ఫోన్లో ఇది వివరించడానికి చూశాను. మాగిస్టర్‌లోని గకారం పాత ఇంగ్లిష్‌లో యకారంలా మెత్తబడి మ్యాయిస్టర్ అయిందనీ, పాత ఫ్రెంచిలో మైస్త్ర్ అయిందనీ, ఓడ మాస్ట్‌లో ఏ కాలంలోనూ గకారం లేదనీ చెప్పాను. జర్మన్‌లో మాస్ట్, మైస్టర్ ఇప్పటికీ దూరదూరంగానే ఉన్నాయన్నాను. ఆయన మర్యాదగా విన్నారు. చివర్లో, "ధ్వని సూత్రాలు మీకు తెలుసు, ఓడలు నాకు తెలుసు" అన్నారు.

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాను. ఆయన వాదం భాష గురించినది కాదు. ఓడలో అధికారం ఎక్కడ ఉంటుంది అన్నదాని గురించినది. నేను శబ్దశాస్త్రంలోంచి ఎన్ని ఆధారాలు తెచ్చినా ఆయనకు అది పరాయి కోర్టు. ఆ కోర్టులో గెలిచినా ఆయన తలవంచి ఊరుకుంటారే తప్ప నమ్మరు. వాదాన్ని ఓడ మీదికే తీసుకెళ్లాలి.

పని చేసినది

ఈసారి నోట్ బదులు ఒక ప్రశ్న పంపాను. పాత ఇంగ్లిష్ మాట్లాడిన ఆంగ్లో శాక్సన్ల ఓడలో నడిపేవాడు ఎక్కడ నిలబడేవాడు?

ఆయనకు తెలియని విషయం కాదు. వెనక భాగంలో, కుడివైపు కట్టిన చుక్కాని తెడ్డు దగ్గర. ఆ తెడ్డు ఉన్న పక్కే స్టేఓర్‌బోర్డ్, నేటి స్టార్‌బోర్డ్. తెడ్డు పట్టినవాడి వీపు తిరిగి ఉండే పక్క బ్యాక్‌బోర్డ్, అంటే ఎడమ. ఆ మనిషిని స్టేఓర్‌మన్ అన్నారు. అతను మాస్ట్ దగ్గర ఉంటే చుక్కాని ఎవరు పడతారు? ఇంకోటి కూడా గుర్తు చేశాను. 1939లో ఇంగ్లండులోని సటన్ హూలో బయటపడ్డ ఆంగ్లో శాక్సన్ రాజు ఓడ సుమారు 27 మీటర్ల పొడవు. చెక్క మట్టిలో కలిసిపోయినా ఇసుకలో దాని అచ్చు, వరసగా ఇనుప మేకులు దొరికాయి. మాస్ట్ ఉందనడానికి మాత్రం ఆనవాలు దొరకలేదు. మాస్ట్ లేకపోయినా, తెడ్లతో నడిచినా, ఓడకు పెద్ద ఒకడు ఉండి తీరాలి కదా.

తర్వాత బేవుల్ఫ్. ఆయన చెప్పిన చోటే మళ్లీ చూద్దామన్నాను. స్కిల్డ్‌ను మాస్ట్ పక్కన పడుకోబెట్టారన్నది నిజం. కానీ ఆ రెండు మూడు పంక్తుల్లో అతన్ని ఏమని పిలిచారు? థేఓదెన్ అన్నారు, అంటే ప్రభువు. ఉంగరాలు పంచేవాడు అన్నారు, అంటే దాత. మాస్టర్ అనే మాట లేదు. మాస్ట్‌లోంచి ప్రభువు పేరు పుట్టి ఉంటే, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టిన కవి ఆ అవకాశం వదులుకునేవాడా?

ఓడ పెద్దకు ఆ కాలపు మాటలు లేకపోలేదు. లాటిన్ పదాలకు పాత ఇంగ్లిష్ అర్థాలు రాసిపెట్టిన పట్టికల్లో ఓడ అధిపతికి షిప్‌హ్లాఫోర్డ్ అని కనిపిస్తుంది. షిప్ అంటే ఓడ, హ్లాఫోర్డ్ అంటే దొర, నేటి లార్డ్. అలాంటి పట్టికల్లోనే మాస్ట్‌కు సంబంధించినవీ ఉన్నాయి. మాస్ట్ మొదలు దిగే గుంటను మ్యాస్ట్‌చ్యుస్ట్ అన్నారు, అంటే మాస్ట్ పెట్టె. మాస్ట్ తాళ్లకు మ్యాస్ట్‌రాప్ అనే మాట ఒక బైబిలు కావ్యంలో వస్తుంది. ఎడారిలో ఇశ్రాయేలీయుల తల మీద నడిచిన మేఘాన్ని కవి పెద్ద తెరచాపగా ఊహించి, దాన్ని మోసే తాళ్లూ అడ్డకర్రా మనుషుల కంటికి ఆనలేదంటాడు. ఈ ముక్క కేసుకు అవసరం లేదు. అయినా పంపాను. ఆయనకు బాగా నచ్చింది, పుస్తకంలో చేర్చుకున్నారు. వాదన వేడి తగ్గడానికి నా ఆధారాలన్నిటికన్నా అదే ఎక్కువ పనిచేసిందేమో.

మరి ఆ కాలంలో మాగిస్టర్ ఎవరు? బడిపంతులు. మఠంలో పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఆల్ఫ్రిక్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన సంభాషణ పాఠం ఒకటుంది. అందులో పిల్లలు "మాగిస్టర్" అని పిలుస్తారు. దాని పైన ఎవరో పాత ఇంగ్లిష్‌లో అర్థం రాస్తూ లారేఓ అని పెట్టారు, అంటే చదువు చెప్పేవాడు. మనం బళ్లో పిలిచే మాస్టారు ఆ పాత అర్థానికే దగ్గర.

ఇక్కడ ఆయన సరైన ప్రశ్న వేశారు. "బడిపంతులు ఓడెక్కి ఎలా కూర్చున్నాడు?" ఈ ప్రశ్న వచ్చిందంటే సగం దూరం వచ్చేసినట్టే. దీనికి నా దగ్గర రెండు జవాబులున్నాయి, రెండూ సముద్రం మీదివే.

ఒకటి మన సముద్రానిది. అక్బరు కాలపు ఐనీ అక్బరీ అనే గ్రంథంలో ఓడ సిబ్బంది జాబితా ఉంది. మొదట నాఖుదా, తర్వాత ముఅల్లిం. నాఖుదా పారసీకం: నావకు ప్రభువు. పాత ఇంగ్లిష్ షిప్‌హ్లాఫోర్డ్‌ను ముక్కకు ముక్క పెట్టి చూసుకోవచ్చు. ముఅల్లిం అరబ్బీ: చదువు చెప్పేవాడు. ఓడ మీద అతను లోతులు, నక్షత్రాలు తెలిసి దారి చూపేవాడు. అంటే పంతులు అనే మాట ఓడెక్కడానికి మాస్ట్ సాయం అక్కర్లేదు. తెలిసినవాడు గనక ఎక్కాడు. మాస్ట్ ఎక్కి దూరం చూసే పంజరీ అనే మనిషి అదే జాబితాలో వేరేగా ఉన్నాడు.

రెండోది ఆయన చదువులోదే. ఫ్రాన్స్ పడమటి తీరంలో ఒలెరాన్ దీవి పేరు మీద మధ్యయుగాల ఓడ చట్టాలున్నాయి. బోర్డో నుంచి ద్రాక్షసారా మోసే ఓడల తగాదాలకు పుట్టినవి, ఇంగ్లండులోనూ చెల్లాయి. ఓడను కాపాడడానికి కొంత సరుకో సామానో వదులుకుంటే ఆ నష్టాన్ని అందరూ పంచుకోవాలనే జనరల్ యావరేజ్ సూత్రాన్ని మాస్టర్ పరీక్షకు చదవనివాళ్లుండరు. ఒలెరాన్ చట్టాల్లో ఒక అంశం అచ్చంగా దీని గురించే. తుఫానులో మాస్ట్ నరకాల్సి వస్తే మెస్త్ర్, అంటే మాస్టర్, ముందు ఓడలో ఉన్న వర్తకులను అడగాలి. అందరి మేలుకోసం నరికితే ఆ నష్టంలో వర్తకులకూ వాటా ఉంటుంది.

ఆ ఒక్క అంశంలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మాస్ట్ అనే మాటను ఫ్రెంచి వాళ్లు జర్మానిక్ భాషల నుంచి తీసుకున్నారు. మెస్త్ర్ వాళ్లకు లాటిన్ నుంచి వారసత్వంగా వచ్చింది. అసలు లాటిన్‌లో ఓడ కొయ్య పేరు మాలుస్, పెద్ద పేరు మాగిస్టర్. మాలుస్, మాస్ట్ రెండూ ఒకే మూలం నుంచి విడిపోయినవని భాషావేత్తలు చెబుతారు. అంటే మాస్ట్‌కు లాటిన్‌లో చుట్టం ఉంది, కానీ ఆ చుట్టం మాగిస్టర్ కాదు.

లాటిన్, పాత ఇంగ్లిష్, పాత ఫ్రెంచి, జర్మన్ నాలుగు వరసల్లో పెట్టి, కొయ్య పేరు ఒక పక్క, మనిషి పేరు ఒక పక్క రాసి ఒక కాగితం పంపాను. దాని కింద ఒలెరాన్ అంశం. ఈసారి జవాబు చిన్నది: "నరికేవాడి పేరు నరికేదాన్నుంచి రాలేదన్నమాట. సరే, ముందుమాట నేనే తిరిగి రాస్తాను."

కెప్టెన్స్ మాస్ట్ ఒకటి మిగిలింది. దాన్ని ఆయనే పక్కన పెట్టారు. అది మాటలు పుట్టిన కాలానికి చాలా తర్వాతిది, పైగా అక్కడ కూర్చునేది కెప్టెన్ అని గుర్తించి, ఓడలో న్యాయం గురించిన అధ్యాయానికి మార్చుకున్నారు.

మాటల ఎంపిక

వాదం తేలాక అసలు పని మొదలైంది. ప్రతి చోటా తెలుగులో ఏమనాలి?

మాస్ట్‌కు స్తంభం అంటే గుడి ముందర ధ్వజస్తంభం మనసులోకి వస్తుంది. సంస్కృతంలో కూపకం ఉంది, చదివేవాడికి బావి గుర్తొస్తుంది. తెరచాప కొయ్య తేలిగ్గా అర్థమవుతుంది. దాన్నే తీసుకుందామంటే ఆయన అడ్డుపడ్డారు, సబబుగానే: నేటి ఓడలకు తెరచాపలు లేవు, మాస్ట్ ఉంది, దాని మీద దీపాలూ రాడారూ ఉంటాయి. అందుకని తెరచాపల కాలానికి తెరచాప కొయ్య, ఆవిరి ఓడల తర్వాత మాస్ట్ అని పెట్టాం. బౌంటీ "మూడు తెరచాప కొయ్యల ఓడ" అయింది.

మాస్టర్ మరీ కష్టం. మేస్త్రి అనవచ్చా అని ఆలోచించాను. పోర్చుగీసు మెస్త్రె నుంచి మనకొచ్చిన మాట, అదీ మాగిస్టర్ సంతతే. కానీ మేస్త్రి అనగానే తాపీ, ఇటుకలు కళ్ల ముందుకొస్తాయి. సరంగు అంటే గోదావరి లాంచీ నడిపేవాడు. చివరికి ఒకే మాట అన్ని కాలాలకూ వాడకూడదని నిర్ణయించుకున్నాం. ఆంగ్లో శాక్సన్ భాగంలో చుక్కాని పట్టేవాడు, ఓడ దొర. ఒలెరాన్ కాలానికి ఓడ పెద్ద. బ్రిటిష్ నౌకాదళం దగ్గర మాత్రం మాస్టర్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం చేర్చాం: ఇతను ఓడ దారి, తెరచాపలు చూసే అధికారి, కమాండింగ్ ఆఫీసర్ వేరు. బౌంటీలో కమాండ్ బ్లైది, మాస్టర్ ఫ్రయర్. సముద్ర అన్వేషకుడు జేమ్స్ కుక్ 1757లో ఇలాంటి మాస్టర్‌గానే అర్హత పొందాడు. ఈ వాక్యం లేకపోతే పాఠకుడికి కుక్ అప్పుడే కెప్టెన్ అయిపోతాడు. నేటి సరుకు ఓడల భాగంలో మాస్టర్ అంటే కెప్టెనే. ఇది ఆయన సొంత పదవి, అక్కడ నేను చెయ్యి పెట్టలేదు.

అడవి పేరా దగ్గర ఆయనే నాకు సాయం చేశారు. రాలిన కాయలు అని దిద్దాక, మరి నిజంగా ఓడ కొయ్యలిచ్చిన అడవి కూడా పుస్తకంలో ఉండాలి కదా అన్నారు. మాస్ట్‌కు బీచ్, ఓక్ కాదు, నిటారుగా పెరిగే పైన్ కావాలి. అమెరికాలో అప్పుడు ఇంగ్లండు వలసగా ఉన్న మసాచుసెట్స్‌కు ఇచ్చిన 1691 చార్టరులో ఒక స్థాయిని మించి లావున్న, అంటే 24 అంగుళాలు, ఆ పైన వ్యాసమున్న చెట్లను ప్రైవేటు వాళ్లకు ఇచ్చిన నేలల్లో తప్ప మిగతాచోట్ల రాజు నౌకాదళం కోసం అట్టిపెట్టారు. ఆ పేరా ఆయనే రాశారు, దిద్దాల్సిన పని రాలేదు.

'మాస్ట్ కింద మాస్టర్' అన్న అధ్యాయం పేరు మార్చలేదు. ఇప్పుడది పుట్టుక గురించి ఏమీ చెప్పడం లేదు, డెక్ మీద మనుషులు ఎక్కడ నిలబడేవారో చెబుతోంది. తప్పు లేనిదాన్ని తప్పు పోయిందన్న ఊపులో కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు.

ఈ పుస్తకం తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఇంగ్లిష్ నుంచి వచ్చిన ప్రతిలో తెలుగు లిపిలో ఒకేలా కనిపించే అరువు మాటలన్నిటినీ ముందే ఏరి, మూలంలో ప్రతి చోటా చూస్తాను. అర్థం నమ్మేలా ఉన్న వాక్యాలను మరీ జాగ్రత్తగా చూస్తాను. తిక్కగా ఉన్న వాక్యం దానంతట అదే దొరికిపోతుంది. ముగ్గురు మాస్టర్ల వాక్యం ఏ ప్రూఫ్ రీడరుకూ దొరికేది కాదు.

ప్రూఫుల దశలో వెనక అట్ట మీది పరిచయం వచ్చింది. ప్రచురణకర్త దాన్ని పాత ప్రతి చూసి రాయించారు: "మాస్ట్ నుంచి మాస్టర్ ఎలా పుట్టాడో చెప్పే పుస్తకం." నేను మెయిల్ రాసేలోపే రచయిత ఆ పేజీ ఫొటో పంపారు. వాక్యం మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పక్కన మార్జిన్‌లో "ఒలెరాన్ చూడండి" అని ఉంది.